లోర్నా బండికి క్లెమ్ పెట్టిన కోత

క్లెమ్ పెంగెల్లీ కంటికి ఈ లోకంలో ప్రతి వస్తువూ ఉండాల్సినదానికంటే కాస్త పొడుగ్గానే కనిపిస్తుంది. అది బల్ల కానివ్వండి, నిచ్చెన కానివ్వండి, చర్చిలో పాదిరిగారి ప్రసంగం కానివ్వండి. ఒక కన్ను మూసి, తల పక్కకి వంచి కాసేపు చూస్తాడు. "కాస్త ఎక్కువుంది," అంటాడు. ఆ మాట చెవిన పడిందంటే పోర్ట్ కారిక్‌లో ఎవరైనా సరే తమ వస్తువు ఎత్తుకుని పరుగు తియ్యాల్సిందే. ఎందుకంటే ఆ తర్వాత వినపడేది కోత మిషను రొదే.

ప్రసంగం సంగతి నిజంగానే జరిగింది. ఈస్టర్ ఆదివారం పాదిరిగారు మంచి ఊపులో ఉండగా, క్లెమ్ మనసులో అనుకుంటున్నాననుకుని ఆ మాట పైకే అనేశాడు. పాదిరిగారు ఆగారు. క్లెమ్ చేతుల్లో ఏమీ లేదని చూసుకున్నారు. అయినా ఎందుకొచ్చిన గొడవని వెంటనే ఆమెన్ చెప్పేశారు. ఆ రోజు ఊరంతా వేడివేడిగా భోంచేసింది.

ధాన్యం రేవులో వెల్డింగు పని నుంచి రిటైరయ్యాక క్లెమ్‌కి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. భోజనాల బల్ల ఒక కాలు ఊగుతోందని కోశాడు. దాంతో రెండోది ఊగింది. అదీ కోశాడు. ఇప్పుడు వాళ్ళింట్లో భోజనానికి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. షెడ్డులో పట్టడం లేదని, బండికి తగిలించి లాగే కారవాన్ గదిని మధ్యకి కోసి, సగమే లాక్కుని సెలవులకి బయల్దేరాడు.

"తలలు లోపల, కాళ్ళు బయట," అని ఆ యాత్ర గురించి అతని భార్య హేజెల్ ఇప్పటికీ చెబుతుంది. "పొద్దున్నే లేచి చూస్తే ఈయన బొటనవేలి మీద సముద్రపు కాకి కూర్చునుంది. ఈయనగారు దాని ముక్కుకేసి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. పాపం, అది ఎగిరిపోయి బతికింది."

ఊళ్ళో క్లెమ్ చేతికి ఒక్క వస్తువూ ఇవ్వని మనిషి లోర్నా ట్రెంబాత్. క్లెమ్ షెడ్డు వెనక కంచె దాటితే ఆమె పొలమే. బార్లీ, గొర్రెలు, ఒంటి చేత్తో సేద్యం. ఆమె మాటంటే మాటే, గీతంటే గీతే. పాతికేళ్ళుగా ఆమె నడిపే పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి మీద క్లెమ్‌కి కన్నుంది. అది ఎదురైనప్పుడల్లా ఒక కన్ను మూసేవాడు. లోర్నా వేగం పెంచేసేది.

ఒకరోజు ఆ బండి వెనక తలుపు తనంతట తనే ఊడి, సరిగ్గా బేకరీ ముందు దభీమని పడింది. బేకరీ మెట్ల మీద కూర్చుని మాంసం కూరిన పాస్టీ తింటున్నవాడు క్లెమ్.

"పడింది," అన్నాడు.

"నాకూ కళ్ళున్నాయి," అంది లోర్నా.

క్లెమ్ పాస్టీ జేబులో పెట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. "ఊరివాళ్ళ పడవల్ని ఉప్పునీళ్ళలోంచి లాగీ లాగీ వెనకంతా తుప్పు తినేసింది. కప్పుకి వేలు పెడితే దిగిపోతోంది. ముందు సగం మాత్రం బండరాయి. ఆ ఇంజను మనిద్దర్నీ సాగనంపి గానీ ఆగదు."

"అయితే ఏమంటావ్?"

క్లెమ్ ఒక కన్ను మూశాడు. తల వంచాడు.

"అనకు," అంది లోర్నా.

"కాస్త..."

"అనొద్దన్నానా!"

"...ఎక్కువుంది," అన్నాడు క్లెమ్. అతని మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. "వెనక సగం ఎగరగొట్టేద్దాం లోర్నా! యూట్ చేసేద్దాం! ముందు ఇద్దరికి క్యాబిన్, వెనకంతా ట్రే. మేత మోపులు, కంచె గుంజలు ఎన్నయినా పడేసుకో. వచ్చే నెల యూట్ల ఊరేగింపులో నువ్వు దీన్ని తోలుకొస్తుంటే ఊరు నోరు తెరుచుకుని చూస్తుంది!"

లోర్నా ఆ రోజు ఒప్పుకోలేదు. మర్నాడు ఊడిన తలుపుని తాడుతో కట్టుకుని పొలానికి వెళ్ళింది. పక్కన ఎవరూ లేరు. వెనకా ఎవరూ లేరు.

ఆ ఎవరూ లేకపోవడం కొత్త. ఇన్నేళ్ళూ బండి వెనక బాస్ ఉండేవాడు. బాస్ అంటే ఆమె గొర్రెల కుక్క, కెల్పీ జాతి. ఒకప్పుడు బండి చప్పుడు వింటే చాలు, నేల తాకకుండా ఎగిరి వెనకెక్కేవాడు. ఈ చలికాలం నుంచీ బండి దాకా వచ్చి, పైకి చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు కంచె వైపు తిరిగి వెళ్ళిపోతున్నాడు. ఎత్తి ఎక్కించబోతే గుర్రుమన్నాడు. ముందు సీట్లో కూర్చోబెడితే, ఒళ్ళో కుక్కపిల్లనా నేను అన్నట్టు దిగి నడిచిపోయాడు.

"బాస్ కనబడ్డం లేదేం?" అని ఎవరైనా అడిగితే లోర్నా జవాబు ఒకటే. "వాడికి ఈ మధ్య ఇంటి దగ్గర పనులెక్కువయ్యాయి." ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం చూసినవాళ్ళెవరూ ముసలి అనే మాట ఎత్తలేదు.

వారం తిరక్కుండానే తాడు కూడా తెగింది. లోర్నా బండిని క్లెమ్ షెడ్డు ముందు ఆపి, తాళం చేతులు వదలకుండా చెప్పింది. "గీత నేను గీస్తాను. ఆ గీత మీదే కొయ్యాలి. ట్రే నలుచదరంగా ఉండాలి, ఎత్తుగా, సమంగా, అందరి ట్రేల్లాగే. ఒక్క వేలెడు ఎక్కువ కోశావో, నీ కోత మిషను జెట్టీ చివరికి తీసుకెళ్ళి సముద్రంలో పడేస్తా."

"ఒట్టు," అన్నాడు క్లెమ్, తాళం చేతులు లాక్కుంటూ.

కోత రోజున ఊరు ఊరంతా మడత కుర్చీలు తెచ్చుకుంది. పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టారు. వెనక సీట్లు, తివాచీ, వెనక వైర్లు అన్నీ పీకారు. తివాచీ కింద ఒక బూటు, గొర్రె బొచ్చు కత్తెర, రాయిగా మారిన పాస్టీ ఒకటి దొరికాయి. లోర్నా ముందు తలుపు వెనకగా కప్పు మీదినుంచి నేల దాకా సుద్దతో గీత గీసింది. క్లెమ్ కళ్ళద్దాలు తగిలించుకుని అందరికేసీ ఒకసారి చూశాడు. మిషను రయ్యిమంది.

నిప్పురవ్వలు జల్లుజల్లుగా లేచాయి! పిల్లలు కేకలు పెట్టారు. ఊళ్ళో మరో రైతు ఆస్కర్ నాన్‌కివెల్ కుర్చీ ఎక్కి నిలబడబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూర్చుని అక్కణ్ణుంచే అరిచాడు. "ఒరే క్లెమ్! అలవాటు కొద్దీ ముందు సగం కూడా కోసేస్తావేమో, చూసుకో!"

"నువ్వు అడ్డం రాకుండా ఉంటే చాలు. నీ పొట్ట కూడా కాస్త ఎక్కువే ఉంది!"

చివరి అంగుళం తెగగానే ఫుట్‌బాల్ క్లబ్బు కుర్రాళ్ళు వెనక కప్పుని "హైసా!" అని ఎత్తి పక్కన పెట్టారు. లోర్నా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి చూసింది. తన భుజం వెనక సీట్లూ లేవు, అద్దమూ లేదు, నీలంగా ఇంత ఆకాశం ఉంది. రెండు చేతులా స్టీరింగు పట్టుకుంది. మరుక్షణం ఎందుకో చిన్నపిల్లలా నవ్వొచ్చింది. హారన్ మీద చెయ్యి వేసి ఆపకుండా మోగించింది. జనం టోపీలెగరేశారు.

ఆ తర్వాత రోజూ పండగే. నాన్‌కివెల్ పొలంలో పడున్న పాత యూట్ నుంచి వెనక గోడా, అద్దమూ కోసి తెచ్చి క్యాబిన్‌కి అతికించారు. అడుగు ఫ్రేముకి కొత్త ఉక్కు వేశారు. పనిలో ప్రతి దశలోనూ పట్నం నుంచి బండి మార్పులు తనిఖీ చేసే ఇంజనీరమ్మ వచ్చి, కిందకి దూరి, అతుకులు తట్టి చూసి సరేనంది. లోర్నా రోజూ టేపుతో వచ్చి ట్రే కొలిచేది. నలుచదరం. గీతంటే గీతే. క్లెమ్ ఇంత బుద్ధిమంతుడయ్యాడంటే ఆమెకే అనుమానం వచ్చింది.

ఊరేగింపు దగ్గర పడేసరికి అతను ట్రే మీద పెద్ద టార్పాలిన్ కప్పేశాడు.

"ఏమిటది?"

"రంగు ఆరాలి."

"కప్పితే ఆరుతుందా?"

"ఇది అలాంటి రంగు," అన్నాడు క్లెమ్, ఆకాశంలోకి చూస్తూ.

ఊరేగింపు రోజు పొద్దున్నే లోర్నా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చింది. బాస్ కూడా తోడొస్తున్నట్టు కాక, తన పని మీద తను వెళ్తున్నట్టు వెనకే వచ్చాడు. క్లెమ్ టార్పాలిన్ లాగాడు.

బండి కాదది, బంగారం! వాటిల్ పువ్వు పసుపు రంగు, ట్రేకి నున్నటి గట్టి కర్ర పలకలు, చుట్టూ గుండ్రటి ఉక్కు కడ్డీ. లోర్నా నోరు తెరుచుకుని బండి చుట్టూ తిరిగింది. వెనక ఎడమ మూలకొచ్చేసరికి ఆ నోరు వేరే కారణానికి తెరుచుకుంది.

ఆ మూల లేదు. కోసేశాడు! ట్రే ఉండాల్సిన చోట వెడల్పాటి మెట్లు కిందకి దిగుతున్నాయి. వాటి మీద రబ్బరు పట్టా కూడా పరిచి ఉంది.

"క్లెమ్ పెంగెల్లీ! ఏమిటిది?"

"మూల..." అని క్లెమ్ గొంతు సవరించుకున్నాడు. "కాస్త ఎక్కువనిపించింది."

"ఒట్టేశావు కదయ్యా! చూడు, ఎవరో కొరికి వదిలేసిన రొట్టెలా ఉంది నా బండి! ఈ మెట్లెవరికి? నేనేమన్నా ముసలిదాన్నా?"

"అబ్బే, నువ్వు కాదు."

"మరెవరు ముసలి?"

క్లెమ్ నోరు తెరిచాడు. లోర్నా మొహంకేసి చూశాడు. నోరు మూసేసుకున్నాడు. చీపురు తీసుకుని, ఏమీ లేని నేలని శ్రద్ధగా ఊడవసాగాడు.

లోర్నా కాళ్ళు నేలకేసి కొడుతూ క్లెమ్ వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ బల్ల దగ్గర కూలబడింది. "మీ ఆయన్ని గొలుసులేసి కట్టెయ్, హేజెల్."

హేజెల్ టీ పోసింది. "కట్టేస్తే గొలుసు ఎక్కువుందని కోస్తాడు. అది కాదు గానీ లోర్నా, ఈ మధ్య మధ్యాహ్నాలు నా ఫ్రిజ్‌లో సాసేజీలు మాయమవుతున్నాయి. ఎవరా దొంగ అని కిటికీలోంచి చూశాను. ఈయన షెడ్డులో చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎదురుగా మీ బాస్. చెక్కలు పేర్చి, పైన సాసేజీ పెట్టి, ఎక్కరా నాన్నా అంటున్నాడు. వాడు నడుం పట్టేసి ఆగిపోతే, ఆ చెక్క తీసి కాస్త కోసి మళ్ళీ పేర్చేవాడు. వాడు ఏ ఎత్తయితే ఎవరి సాయం లేకుండా ఎక్కుతున్నాడో అది గోడ మీద గీసుకున్నాడు. ఇంజనీరమ్మని కూడా చాటుగా అడిగి, సరేననిపించుకున్నాడు."

లోర్నా టీ కప్పు కింద పెట్టింది. "నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"ఏమని? నీ కుక్క ముసలిదైపోయింది లోర్నా, అనా? ఆ మాట నీతో అనేకంటే నీ చేత తిట్లు తినడం నయమనుకున్నట్టున్నాడు." హేజెల్ చేత్తో బల్ల తట్టింది. "దీని సంగతీ అంతే. మా అమ్మ ఎత్తు తక్కువ చక్రాల కుర్చీలో మా ఇంటికొచ్చిన వారమే దీని కాళ్ళు ఊగడం మొదలెట్టాయి. అంతకుముందు ఎన్నడూ ఊగలేదు."

"మరి కారవాన్?"

హేజెల్ బాగా ఆలోచించింది. "లేదు. అది మాత్రం వట్టి పిచ్చే."

లోర్నా బయటికొచ్చేసరికి బాస్ బండి వెనక నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. మొదటి మెట్టు మీద ముందుకాళ్ళు పెట్టాడు. ఆగాడు. వెనక కాళ్ళు తెచ్చాడు. తర్వాతి మెట్టు. ట్రే! ఒక చుట్టు తిరిగి, కడ్డీ మీద గడ్డం ఆనించి కూర్చుని, లోర్నాకేసి చూసి ఒక్కసారి గట్టిగా మొరిగాడు. డ్రైవరు ఆలస్యం చేస్తే యజమాని చేసే చప్పుడది.

లోర్నా ముక్కు ఎగబీల్చి, చొక్కా చేతితో తుడుచుకుంది. "వాడికి ఇంటి దగ్గర పనులు తగ్గినట్టున్నాయి," అంది.

"అలాగే కనిపిస్తోంది," అన్నాడు క్లెమ్, చీపురు మీంచి తలెత్తకుండా.

"ఊడ్చింది చాలు. ఎక్కు. నువ్వు లేకుండా నేను వెళ్ళను."

పెద్ద వీధిలో ఊరేగింపు అదిరింది. నిగనిగలాడే యూట్లు, హారన్లు, జెండాలు. వాటి మధ్య పసుపు బండి రాగానే నవ్వులు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా నవ్వినవాడు నాన్‌కివెల్. "లోర్నా! ఆ మూల ఎలకలు కొట్టేశాయా?"

బండ్లు బేకరీ ముందు కాసేపు ఆగాయి. బాస్ లేచి, మహారాజు సింహాసనం దిగినట్టు మెట్లు దిగాడు. దీపస్తంభం దగ్గర తన పని కానిచ్చుకున్నాడు. జనం దారిచ్చారు. వాడు తిరిగొచ్చి, ఒక్కో మెట్టూ ఎక్కి, తన చోట కూర్చున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. చలికాలమంతా ఆ కుక్క ఎందుకు కనబడలేదో అందరికీ తెలుసు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు బేకరీ నుంచి జెట్టీ దాకా పాకిపోయాయి. లోర్నా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. క్లెమ్ సిగ్గుతో సీట్లోకి జారి జారి టోపీ ఒక్కటే కనిపించేలా కూర్చున్నాడు.

అన్నీ అయ్యాక ఆటస్థలంలో బండి ఆపుకుని ముగ్గురూ పాస్టీలు తింటున్నారు. బాస్‌ది బాస్‌కే. నాన్‌కివెల్ వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మెట్ల దగ్గర ఆగి, ఇంకెవరూ లేరని అటూ ఇటూ చూసుకున్నాడు.

"క్లెమ్, ఈ మెట్లు ఎంత బరువు ఆపుతాయంటావ్?"

"ఏ కుక్కకి?"

"కుక్కకి కాదు." నాన్‌కివెల్ గొంతు తగ్గించాడు. "నాకు తెలిసినవాడొకడున్నాడులే. ఎడమ మోకాలు వంగడం లేదు. తన యూట్ ఎక్కాలంటే మేత బస్తా వేసుకుని దాని మీదినుంచి పాకుతున్నాడు, పాపం. ఎవరికీ చెప్పుకోలేడు."

క్లెమ్ అతని మోకాలికేసి చూడనే లేదు. "ఆ తెలిసినవాడి ఎత్తెంత?"

"ఇంచుమించు నా అంత."

"కాలి పొడుగు?"

"అదీ ఇంచుమించు నా అంతే."

"అయితే కదలకుండా నిలబడు," అన్నాడు క్లెమ్, జేబులోంచి టేపు తీస్తూ.

లోర్నా పాస్టీ పక్కన పెట్టి, బండి దిగి, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని టేపు రెండో కొస పట్టుకుంది. "ఆస్కర్," అంది, తల పైకెత్తకుండా. "కొలిచేది కాలు. ఆ తెలిసినవాణ్ణి పొట్ట లోపలికి లాక్కోనక్కర్లేదని చెప్పు."