మీటరు లీన్ అంది, ప్లగ్గులు నల్లగా ఉన్నాయి

వెనక సీట్లో నిద్రపోతున్న పాప పీలుస్తున్నది గాలా, పొగా? నెల రోజులపాటు స్టీరింగు పట్టుకున్న ప్రతిసారీ నాకు ఇదే భయం. కారులో పెట్రోలు వాసన. పది నెలల పాపకు దగ్గు. అద్దాలు దించితే చలిగాలి, ఎత్తితే వాసన.

"కారుకి దగ్గు, పాపకి దగ్గు, నీకు బెంగ. ముగ్గుర్నీ ఒకే డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు.

నేను చదివింది కెమిస్ట్రీ. తూకంలో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు పద్నాలుగున్నర పాళ్ల గాలి కావాలని తెలుసు. గాలి అంతకన్నా ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. కారుకు తగిలించి చూసే చిన్న మీటరు కొన్నాను. అది లీన్ అంది. పెట్రోలు తక్కువైతే మరి ఆ వాసన ఎక్కడిది? పెద్ద సర్వీసు సెంటరులో పొగగొట్టంలో ఉండి, పొగలో మిగిలిన గాలిని కొలిచే సెన్సరును రెండుసార్లు మార్చారు. వాసన పోలేదు. పక్కింటావిడ చెబితే స్క్రూ బాబాయ్ అనే మెకానిక్కు షెడ్డుకు వెళ్ళాను.

ఆ పేరు ఆయనకు కార్బురేటర్ల కాలంలో వచ్చింది. అప్పట్లో గాలీ పెట్రోలూ కలిసే పాళ్లను ఒక చిన్న స్క్రూతో సరిచేసేవారు. ఆయన కళ్ళు మూసుకుని, ఇంజను చప్పుడు వింటూ, పావు చుట్టు తిప్పి లేచిపోయేవాడట. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఆ స్క్రూ పోయింది. అరవై దాటిన మనిషి. షెడ్డులో రెండు కార్లు పడతాయి, ఎప్పుడు చూసినా ఒకటే ఉంటుంది. కారణం మొదటి రోజే తెలిసింది.

ఆయన నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద వరుసగా పెట్టాడు. నాలుగింటికీ మసే.

"పెట్రోలు తక్కువైతే ఇవి తెల్లగా ఉండాలమ్మా. ఇది తెగ తాగేస్తోంది."

"మీటరు తక్కువంటోంది బాబాయ్."

"అంటోంది."

"రెండూ ఎలా నిజమవుతాయి?"

"తెలీదమ్మా."

అంత తేలిగ్గా తెలీదన్న మెకానిక్కును నేనెక్కడా చూడలేదు. ఆ మాట వినగానే సగం మంది బండి వెనక్కి తిప్పుకుని పోతారట. నేనూ పోయేదాన్నే. కానీ ఆయన ప్లగ్గులు బిగిస్తూ, "సంగతి తేలేదాకా పిల్లను ఇందులో ఎక్కించకండి," అన్నాడు. అన్ని రోజుల్లో నా భయాన్ని కొట్టిపారేయని మొదటి మనిషి ఆయన.

ఇంకో రెండుసార్లు ఒక్కదాన్నే తీసుకెళ్ళాను. మూడోసారి ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"మీరెప్పుడూ దీన్ని వేడిగానే తెస్తున్నారు."

"నడుపుకుంటూ వస్తే వేడెక్కదా మరి?"

"అదే, ఇన్నాళ్ళూ నా బుర్రకు తట్టలేదు. వదిలేసి వెళ్ళండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు విందాం."

"ఈలోగా పాపకేమన్నా అయితే?"

"ఫోన్ చెయ్యండి, నేనొస్తా. నా స్కూటరుకి కంప్యూటరు లేదు."

పొద్దున్నే వెళ్ళాను. ఇంజను ఆన్ చేసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండోది పొగగొట్టం వెంట మెల్లగా జరిపాడు. ఒకచోట ఆగి నా చేతికిచ్చాడు. గోటితో రేకు మీద కొట్టినట్టు టిక్కు టిక్కు. అయిదు నిమిషాల్లో ఇనుము వేడెక్కి సాగింది, చప్పుడు వినపడకుండా పోయింది.

సెన్సరుకు కాస్త ముందు వెంట్రుకంత పగులు. వేడెక్కితే సన్నబడుతుంది గానీ పూర్తిగా మూసుకోదు. అందులోంచి బయటి గాలి లోపలికి పోతోంది. సెన్సరు ఆ గాలిని చూసి లీన్ అంటోంది. కంప్యూటరు అది నమ్మి పెట్రోలు ఇంకా పోస్తోంది. ఇంజనులో ఉన్నది రిచ్, మీటరు మీద కనిపించేది లీన్. ఇది ఒంటపట్టడానికి కాగితం మీద రెండుసార్లు బొమ్మ గీసుకోవాల్సి వచ్చింది.

"మరి పొగ?" అని అడిగాను.

"అదే పగుల్లోంచి బయటికీ వస్తుంది. కొంచెం కారు లోపలికి పోయే ఉంటుందమ్మా."

నన్ను ఓదార్చడానికైనా అబద్ధం చెప్పలేదు. ఆ రోజే పాపను డాక్టరుకు చూపించాను. ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు. గొట్టం మార్చాక వాసన పోయింది, దగ్గూ పోయింది, చలీ తగ్గింది. దగ్గు దేనివల్ల వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కారు ఇచ్చేటప్పుడు స్క్రూ బాబాయ్ ఒకటే చెప్పాడు. "పొద్దున పిల్లను ఎక్కించకముందు ఇంజను ఆన్ చేసి, దిగి, బానెట్ ఎత్తి ఒక నిమిషం వినండి. మీటరు సంగతి తర్వాత."

రోజూ పాపను మా ఆయన చేతికిచ్చి, ఒక నిమిషం వింటున్నాను.