కరెంటు లేని రోజు, మిద్దె పాట

దయ్యం కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసినవాణ్ణి. గుడియాత్తంలో, కనియంబాడిలో, మోర్ధానా దారిలో తలుపులు పెట్టని కొత్త ఇళ్లలో సిమెంటు మూటలకు కాపలాగా ఒంటరిగా పడుకున్నాను. ఎలుకలు తప్ప ఏదీ నా దగ్గరికి రాలేదు.

నాకెవరూ చదువు చెప్పలేదు. బడిలో అరవం, అదీ అయిదో తరగతి దాకా. తెలుగు అక్షరాలు నలభై దాటాక సొంతంగా దిద్దుకున్నాను. కంప్యూటరు అరవై దాటాక. ఒక ఇంజినీరు పారేయబోయిన పాత పెట్టెలో లినక్స్ వేసుకుని, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. ముసలోడికేం తెలుసు అనేవాళ్లు కాస్త ఆగాలి.

మా అక్క మునెమ్మ సున్నపు మిద్దెల కాలంలో కూలికి పోయేది. ఆడవాళ్లు మిద్దె మీద వరుసగా కూర్చుని, చేతి కట్టెలతో సున్నాన్ని రోజుల తరబడి కొట్టేవాళ్లు. దెబ్బకు తగ్గట్టు పాట. మధ్యలో ఆపితే అక్కడ అతుకు పడి మిద్దె కారుతుందని వాళ్ల భయం. అన్నానికి లేచినా ఒక మనిషి తడుతూనే ఉండాలి. ఆ పాట మొత్తం తెలిసినవాళ్లలో మిగిలింది అక్క ఒక్కతే.

ఆమె గొంతులో గడ్డ లేచింది. గొంతులోని మాటపెట్టె తీసేయాలనీ, ఇక మాట రాదనీ వేలూరు ఆసుపత్రిలో చెప్పారు. బయలుదేరే రోజు పొద్దున పాటంతా రాసుకుందామని కూర్చున్నాం. ఫోన్లో రికార్డు చేయనివ్వలేదు.

"నేను పోయినంక నా గొంతు ఇనిపించి అందర్నీ ఏడిపించేదానికా? వద్దప్పా, రాసుకో" అనింది.

తన పాత కట్టెతో బల్ల మీద తడుతూ ఆమె పాడింది, నేను టైపు చేశాను. ముప్పై ఒక్క చరణాలు. ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు. సేవ్ అంటే అది పేరు అడుగుతుంది, ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. పాట నడుస్తుండగా చేయి ఆపడానికి మిద్దె పని ఎరిగిన నాకు మనసొప్పలేదు. తప్పు నాదే.

ఆఖరిదైన ముప్పై రెండో చరణానికి ముందు తెర బిగుసుకుపోయింది. బాణం గుర్తు కదలదు, ఏ మీట నొక్కినా పలకదు. అదే సమయానికి అక్కకు దగ్గు పట్టింది, గుడ్డ మీద నెత్తురు పడింది. మళ్లీ పాడమని ఎలా అడుగుతాను?

కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కాను. అక్షరాల నల్ల తెర వచ్చింది. అంటే లోపల పెట్టె బతికే ఉంది, బొమ్మల తెర ఒక్కటే ఇరుక్కుంది. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తీసి, అనుమానం వచ్చిన బ్రౌజరును ఆపేశాను. ఫలితం లేదు. తెరను నడిపే ప్రోగ్రామునే ఆపొచ్చు, కానీ దాంతో మా పేజీ కూడా పోతుంది. మా అల్లుడికి ఫోన్ చేస్తే ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నాడు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంజినీరింగ్ ఎందుకు చదివినట్టు?

బస్సుకు వేళయింది. పెట్టెను అలాగే వదిలేశాను. అక్క తన కట్టెను కీబోర్డు పక్కన పెట్టింది.

"ఉండనీ. పని అయ్యిందాకా కట్టె ఎత్తకూడదు" అనింది. నేను విన్న ఆమె ఆఖరి మాటల్లో అదొకటి.

ఆపరేషన్ అయింది. బయలుదేరిన నాలుగో రోజు బట్టల కోసం నేనొక్కణ్ణే ఇంటికొచ్చి తాళం తీశాను. తెర ఎలా ఉన్నదో అలాగే ఉంది. నల్ల తెరకు పోయి, ఈసారి నిదానంగా జాబితా చదివాను. ఫైళ్లను వెతికి పట్టిక రాసుకునే చిన్న ప్రోగ్రాము ఒకటి పెట్టె మెమరీనంతా మింగి కూర్చుంది. దాన్ని ఆపాను. అర నిమిషానికి బాణం కదిలింది. ముప్పై ఒక్క చరణాలూ ఉన్నాయి. సేవ్ చేశాను, పెన్ డ్రైవ్‌లోకీ ఎత్తాను.

ఆ సంతోషంలో కింద వాటా రూతమ్మకు చెబితే ఆమె నన్ను వింతగా చూసింది. మొన్న పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, నెలనెలా చేసే లైను పని కోసం వీధంతా కరెంటు తీసేశారట.

పైకి పోయి పెట్టెనే అడిగాను. ఆగకుండా నాలుగు రోజులుగా నడుస్తున్నానని చెప్పింది. అది రాసుకునే చిట్టాలో గంట గంటకూ వరుసలున్నాయి, ఎక్కడా ఖాళీ లేదు. పెట్టెకు తగిలించిన యూపీఎస్ బ్యాటరీ మీద అనుమానంతో ప్లగ్గు పీకి చూశాను. పదకొండు నిమిషాలకు చచ్చింది. లైన్‌మన్‌ను అడిగితే మొత్తం లైను ఆపామన్నాడు.

రూతమ్మ ఇంకో మాట చెప్పింది.

"ఫ్యాను లేక గమ్మునుండె గదన్నా, పైన టక్కు టక్కుమని ఇనిపిస్తానే ఉన్నింది. అక్క వేలూరికి పోలేదేమో అనుకుంటి. కరెంటు వచ్చిందాకా తట్టుతానే ఉన్నింది."

తాళంచెవి ఆ రోజంతా నా జేబులోనే ఉంది. ఎలుక అని తోసేద్దామా? ఎలుక చప్పుడు చేస్తుంది, కంప్యూటరుకు కరెంటు ఇవ్వదు.

అక్క ఇంటికొచ్చాక ఇదంతా చెప్పాను. ఆశ్చర్యపోలేదు. బల్ల మీద వేళ్లతో ఆఖరి చరణం దరువు తట్టి చూపింది. మాటలు నాకు తెలియవు, ఆమెకు గొంతు లేదు, రాయడం రాదు.

దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. ఆ ఎనిమిది గంటల లెక్క మాత్రం నాకు తేలలేదు. కట్టెను కీబోర్డు పక్కనుంచి తీయలేదు. భయం కాదు. పాట ఇంకా అవలేదు.