ఊపిరి గొట్టం

లారీ డ్రైవరు వీర్రాజు పోయి పదకొండు నెలలైంది. అయినా తెల్లవారుజామున ఐదయ్యేసరికి, మల్కాపురంలోని ఆ ఇంట్లో అతని భార్య వరహాలమ్మకు వాకిట్లో లారీ స్టార్టయిన చప్పుడు వినబడేది. తలుపు తీస్తే ఏమీ ఉండదు. కాలిన ఆయిలు వాసన మాత్రం గుప్పుమనేది. లారీ షెడ్డులో పడి ఉందని తెలిసి కూడా గడపలో నిలబడిపోయేది. "బేగి రాయ్యా" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

అది పాతకాలపు ఇంజను. లోపల పుట్టే పొగా ఆవిరీ బయటికి పోవడానికి కిందికి వంగిన గొట్టం ఒకటుండేది. బ్రీదర్ పైపంటారు. "ఇంజను ఊపిరి ఇడిసేది ఇక్కడే, వరాలూ" అని వీర్రాజు మురిపెంగా చూపించేవాడు. ఆ ఊపిరితోపాటు నల్లటి ఆయిలు చుక్కలు వాకిట్లో కొత్తగా వేయించిన గచ్చు మీద పడేవి. ఎంత రుద్దినా మరక పోయేది కాదు.

కొత్తమాస పండుగ ముందురోజు గచ్చు కడుక్కుని, మళ్లీ మరక పడుతుందని, ఆమె ఆ గొట్టంలో పాత చీరముక్క కుక్కింది. పొద్దున్నే తీసేద్దామనుకుంది. పండుగైనా కిరాయి వచ్చిందని ఆయన చీకటితోనే లేచి, ఆమెను లేపకుండా పోర్టుకు పోయాడు. లోడుతో తగరపువలస దాటాక, ఊపిరాడని ఇంజను సీళ్లు తన్నేసి ఆయిలంతా కక్కింది. ఏమైందో చూద్దామని రోడ్డు మీదికి దిగిన మనిషిని వెనకనుంచి వచ్చిన వ్యాను కొట్టేసింది.

గుడ్డ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం మెకానిక్ సన్యాసిరాజు వచ్చాడు, ఇంజను బాగయిందని చెప్పడానికి. టీ తాగుతూ నసిగాడు.

"కోప్పడకక్కా. ఆ రోజు పైపులో గుడ్డ ఉంది. బావే కుక్కి మర్సిపోనాడు. షెడ్డులో మావోళ్లు ఇంకా ఎకసెక్కాలే. ముప్పయ్యేళ్లు తోలినోడు ముక్కు మూసీసి తోలీసినాడ్రా అని."

ఆయిలు కొలత చూడకుండా ఏనాడూ బండెక్కని మనిషి!

వరహాలమ్మ టీ గిన్నె పట్టుకుని గడప వైపు చూసింది. ఊరుకుంటే చాలు. చచ్చినవాడు వచ్చి కాదనడు. కాదనడానికే రోజూ ఐదింటికి వస్తున్నాడేమో.

"ఆయన కాదురా. నాను కుక్కినాను."

"ఏటి?"

"గచ్చు పాడైపోతాదని నానే కుక్కినాను. ఆయనకి తెల్దు."

సన్యాసిరాజు గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇన్నాళ్లూ ఎలాగున్నావే అక్కా," అన్నాడు. "పోన్లే, ఇక్కడితో ఒగ్గీ. నాను ఎవలికీ సెప్పను."

"సెప్పాల. ఆయన్ని సూసి నవ్వుతన్నారు కదా."

"నాను సెప్తే బావని ఎనకేసుకొత్తన్నానంటారు."

"అయితే నానే వత్తాను, పద."

షెడ్డులో నవ్వుకుంటున్న నలుగురూ ఆమెను చూసి లేచారు. ఒకతను టైరు దొర్లించుకొచ్చి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, నిలబడే చెప్పడం మొదలుపెట్టింది.