సూరిదా పేరు మీద చేసిన పని

ఈ సంగతి రాసిపెట్టకపోతే, సూరిబాబు అనే మనిషి వెబ్‌సైట్లు కట్టి బతికాడనడానికి ఎక్కడా గుర్తు మిగలదు. ఆయన కట్టిన సైట్లు మారిపోయాయి. ఆయన పేరున్న ఒక్క పేజీనీ తీసేశారు. అందుకే రాస్తున్నాను.

అది 2008. కలకత్తా పక్కన లిలువా. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను కాలేజీకి వెళ్ళలేదు. వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషను గ్రంథాలయంలో కూర్చుని, కాగితం మీద రాసుకుంటూ నేర్చుకున్నాను. కంప్యూటరు ముట్టుకున్నది ఆ తర్వాతే. ఈ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టం.

సూరిదాది మా క్వార్టర్ల వరసే. శ్రీకాకుళం మనిషి, అయినా ఊరందరికీ 'దా'నే, అంటే బెంగాలీలో అన్న. ఇంటర్నెట్‌లో జాబ్ బోర్డులుండేవి. విదేశాల్లోని చిన్న వ్యాపారులు తమకు కావలసిన పని అక్కడ ప్రకటిస్తే, మనం బిడ్ వేయాలి, అంటే పని మాకివ్వండని ధర చెప్పి అడగాలి. నచ్చితే వాళ్ళు మన ప్రొఫైల్ పేజీలో నాలుగు మంచి మాటలు రాస్తారు. అదే ఫీడ్‌బ్యాక్. అది లేనివాడి బిడ్ ఎవరూ తెరిచి చూడరు. నావన్నీ అలాగే పోయాయి.

"నా పేరు కింద సెయ్యరా సింహాచలం. కోడ్ నువ్వు రాయి, ఆలతో ఇంగిలీసు నాను సూసుకుంతాను" అన్నాడు సూరిదా. బాప్పాదా సైబర్ కెఫేలో చాలామంది అలా ఒకే పేరు కింద పనిచేసేవారు.

హెలెన్ అనే ఆవిడ పూలకొట్టు సైటు అలా దొరికిందే. ఎక్కడో చలిదేశం. పండగ వస్తే పేజీలు మార్చాలి. ఆవిడకు తెలిసింది సూరి ఒక్కడే.

ఆ వానాకాలంలో సూరిదా ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కర్మకాండ అయ్యాక కెఫేకి వెళ్ళి ఆయన ఖాతా తెరిస్తే హెలెన్ సందేశం ఉంది. "సూరీ, దగ్గు తగ్గిందా? క్రిస్మస్ పేజీలు మొదలుపెడదామా?"

బాప్పాదా నా భుజం మీదుగా చదివాడు. "తగ్గిందని కొట్టు, పని మొదలెట్టు."

"పోయిన మనిషికి దగ్గు తగ్గిందని రాయమంటావా దాదా?"

"దూర్ బోకా, పిచ్చోడా! ఆవిడ అతని మొహం చూసిందా, గొంతు విందా? లైబ్రరీ పండితుడా, ఈ ప్రొఫైల్ పోతే రేపు నీ బిడ్ ఎవడు చూస్తాడు?"

అతనన్నది నిజమే. నాన్న అప్పుడే రిటైరయ్యాడు. నాకు ఈ పని తప్ప ఆధారం లేదు. సూరిదా వాళ్ళమ్మ నారాయణమ్మ పిన్నిని అడుగుదామని వెళ్ళాను.

"ఏటి బాబూ, ఆ దొరసాని ఇంకా ఆడికి రాస్తన్నాదా?" అంది పిన్ని. "పోనాడని సెప్పకు. ఒక్కసోటైనా ఆడు బతికున్నట్టే ఉండనీ. ఆ పని నువ్వే సేసుకో."

తిరిగొచ్చి కూర్చున్నాను. హెలెన్ ఒట్టి పని గురించే అడిగి ఉంటే చేసేసేవాణ్ణేమో. ఆవిడ ముందు అడిగింది దగ్గు గురించి. "తగ్గింది, థాంక్స్" అని టైపు చేశాను. ఆసుపత్రి వార్డులో ఆయన దగ్గు చెవిలో మోగింది. చెరిపేసి, జరిగింది రాశాను. కోడ్ రాసింది నేనని కూడా రాశాను. ఇంగ్లీషు దిద్దేవాడు లేడు. తప్పులతోనే పంపాను.

ఇన్నాళ్ళూ ఎవరితో పనిచేశానో తెలియకపోవడం బాధగా ఉందనీ, పని వేరేవాళ్ళకిస్తున్నాననీ హెలెన్ జవాబు రాసింది. కానీ వెళ్తూ వెళ్తూ ప్రొఫైల్‌లో ఫీడ్‌బ్యాక్ పెట్టింది. "సూరి ఎన్నడూ మాట తప్పలేదు. అతని పక్కన సింహాచలం ఉండేవాడట. ఇద్దరికీ కృతజ్ఞతలు."

దాన్ని తెలుగులో పిన్నికి చెప్పాను. వద్దన్న పని చేశానని ఆవిడ మొహం తిప్పుకుంది. తర్వాత "మళ్ళీ సెప్పు" అంది.

కొద్దిరోజులకే బోర్డువాళ్ళు, మనిషి పోయాడని తెలిసి, ఖాతా మూసేశారు. పేజీ మాయమైంది. పిన్నికి చెబితే, "అయితే ఆడిప్పుడు అక్కడ కూడా లేడన్నమాట" అంది. 

నా పేరుతో ప్రొఫైల్ తెరిచాను. ఎవరూ చూడలేదు. చివరికి కలకత్తాలోని సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో చేరాను. పని నేర్పే పుస్తకాలు బోలెడు చదివాను. చేసినవాడి పేరు పనితోపాటు ఉండాలని మాత్రం ఈ సంగతే నేర్పింది. మా ఆఫీసు సైట్ల మీద ఎవరి పేరూ ఉండదు.

గ్రంథాలయంలో నేను లేచేదాకా లైటు ఆర్పని మండల్‌బాబుకి, తిట్టినా నా సీటు ఉంచిన బాప్పాదాకి, ఇద్దరి పేర్లూ కలిపి రాసిన హెలెన్ గారికి, నా మీద కోపం పోకపోయినా గుమ్మంలోంచి పంపెయ్యని నారాయణమ్మ పిన్నికి కృతజ్ఞతలు. సూరిదాకి కూడా. ఈ కాగితం మీద మనిద్దరి పేర్లూ ఉన్నాయి.