నా మరిది కండ్లు తెరిపించకండి

నా మరిది పోయాడన్న కబురు నేను చాటలో బియ్యం చెరుగుతుండగా వచ్చింది. తెల్లాపూర్‌లో పెళ్లి ఫోటోలకు పోయినవాడు, మధ్యాహ్నం భోజనాల వేళ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. చాట అక్కడే పడేసి మా చిట్కుల్ నడివీధిలో చెప్పులు లేకుండా ఉరికాను. శవం ఇంకా ఇంటికి రాలేదు, అప్పుడే ఎవరో అడగనే అడిగారు: "ఫోటో ఉన్నదా, మంచిది ఏదన్న?"

ఆ మాటతో పట్టుకున్న గుబులు ఇంతవరకు నన్ను వదలలేదు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నా మాటలను పుస్తకం భాషలోకి తిప్పుతానంటే తిప్పమన్నాను. మనుషులు మాట్లాడుకున్నవి మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఫోటోలు తీసేవాళ్ల సంఘం నా మరిది దినాలకు చిన్న పుస్తకం వేస్తోంది కదా, ఇది దానికోసం. మీరందరూ వాడి గురించి మంచి మంచిగా రాస్తారు, రాయండి. నాది మాత్రం తగాదా. వాడి ఫోటో సంగారెడ్డిలో ఫ్రేము కట్టేవాడి దగ్గర ఉంది. అందులో వాడి కండ్లు మూసుకుని ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లో తెరిపిస్తారట. వద్దంటున్నాను. ఎందుకు వద్దో వినండి.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడికి లాగు గుండీ పెట్టుకోవడం రాదు. ముక్కు తుడిచింది నేను, జొన్నరొట్టె పాలలో నాన్చి తినిపించింది నేను. మా ఆయన బావుల దగ్గర వ్యవసాయం పనులు చేసేవాడు. ఊరి చుట్టూ కంపెనీలు లేచాక మిగతా మగపిల్లలు గేట్ల ముందు నిలబడితే, వీడు పటాన్‌చెరులో ఒక ఫోటో దుకాణంలో చేరాడు. తర్వాత ఇస్నాపూర్ చౌరస్తాలో సొంతంగా పెట్టుకున్నాడు. గేటు పాసుకు ఫోటో కావాలంటే అందరూ అక్కడికే. బీహార్ నుంచి, ఒడిషా నుంచి వచ్చిన కూలీలు ఇంటికి పంపే ఫోటోల కోసం ఆదివారం వరుస కట్టేవారు. దుకాణంలో ఒకటే కోటు. సన్నటివాడు వేసుకుంటే వెనుక పిన్నీసులు పెట్టి బిగించేవాడు. ముందు నుంచి చూస్తే ఆఫీసరు, వెనుక నుంచి చూస్తే ముళ్లపంది.

"హిల్నక్కో భాయ్, దమ్ నక్కో రోకో" అని కదలొద్దనేవాడు వాళ్లతో. మాతో అయితే, "ఊపిరి ఆపకుర్రి. ఊపిరి ఆపితే మొహం ఆగిపోతది" అనేవాడు. ఆ మాట వాడి దుకాణం బోర్డు కంటే ఎక్కువమందికి తెలుసు.

ఇంకొకటి మీకు తెలిసే ఉంటుంది, ఆలోచిస్తే. వాడు నోరు తెరిచి నవ్వేవాడు కాదు. పెదవులు బిగించి, కండ్లు గట్టిగా మూసుకుని, భుజాలు మాత్రం కదిపేవాడు. చిన్నప్పుడు పండ్లు ఎగుడుదిగుడుగా వచ్చాయని బడిలో వెక్కిరిస్తే అట్లా అలవాటైంది. కొత్తవాళ్లు చూస్తే ఏడుస్తున్నాడా, ప్రార్థన చేస్తున్నాడా అనుకునేవారు. ఇది గుర్తు పెట్టుకోండి. నా తగాదా అంతా ఇక్కడే ఉంది.

మా ఆయన కామెర్లతో పోయాడు. బతికుండగా ఒక్క ఫోటో దిగలేదు. గేటు పాసు ఎరగని మనిషికి ఫోటో ఎందుకు? అప్పట్లో అందరూ చేసినట్టే మేమూ చేశాం. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాల కట్టి, పిల్లల్ని చెరో పక్కన నిలబెట్టాం. నా మరిది అప్పుడు మీసం రాని పోరగాడు. దుకాణం యజమాని కెమెరా అడిగి తెచ్చి, వాడే తీశాడు. తర్వాత మొహం వరకు పెద్దది చేయించి, మూసి ఉన్న రెప్పల మీద సన్న కుంచెతో, నల్ల సిరాతో కండ్లు గీసి తెచ్చాడు. 'కండ్లు తెరిపించడం' అనేవారు దాన్ని.

చూడగానే నా ఒళ్లు మండింది. "ఇవెవరి కండ్లురా?"

"అన్నయే వదినె."

"మీ అన్న నన్ను గిట్ల ఎన్నడన్న సూసిండా?"

గోడకు తగిలించాను, మరి వేరే దిక్కేముంది? దీపం పెట్టిన ప్రతిసారీ ఎవరో పరాయివాడు మా ఆయన మొహంలోంచి చూస్తున్నట్టే ఉండేది.

ఏండ్లు గడిచాయి. రీలు కెమెరా పోయింది, రీలు లేని చిన్న కెమెరా వచ్చింది. ఒకరోజు నేను వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే గేటు దగ్గరి నుంచే అరిచాడు.

"వదినె, ఫుల్ ఫ్రేమ్ తెస్తున్న!"

నా చేతిలో చెంబు జారింది. మా దగ్గర ఫ్రేము కట్టించారంటే ఒక మనిషి తగ్గినట్టే.

"ఎవలకురా? ఎవలు పోయిండ్రు?"

"ఎవ్వలు పోలే. కెమెరా వదినె."

"కెమెరాకు ఫ్రేమెందుకు? సచ్చిందా అది?"

ఇంకేముంది, కండ్లు మూసుకుని భుజాలు ఊపడం మొదలుపెట్టాడు. ఊపి ఊపి, చివరికి నా అరుగు మీద కూర్చుని చెప్పాడు. "తెల్లాపూర్ పెండ్లిళ్లోళ్లు గోడంత ఫోటో అడుగుతున్నరు. సిన్న కెమెరాతోని గోడంత చేస్తే మొహాలు మరమరాల లెక్క పలుకులు పలుకులైతున్నయ్. ఇన్నొద్దులు నేను రొట్టె చేసి అంచులు కోసేసి నడుమ తుంట తిన్నట్టు, గంతే. దీంట్ల రొట్టెకు రొట్టె వస్తది. ఎంత ఉంటె అంత వస్తది. ఒక్క ఎంటుక పోదు."

"ఒక్క ఎంటుక పోకుంటె మనుషులు మొహం సూసుకుంటరార?" అన్నాను. పేరు మాత్రం నాకు నచ్చలేదు. ఫ్రేము అన్న మాటను ఇంట్లోకి చేజేతులా తెచ్చుకోవడం ఏమిటి? ఆ రోజు వేసిన దిగులు అట్లాగే ఉండిపోయింది.

కెమెరా వచ్చాక వాడికీ దిగులే. పాతదాన్ని భుజాన పడేసుకుని బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు. దీన్ని మాత్రం చంటిపిల్లలా పొట్టకు అదుముకుని, ఆటోలో కూడా ఒడిలోంచి దించేవాడు కాదు. ఎవరైనా దగ్గరికొస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. దుమ్ముకు భయం, వానకు భయం. వాడి ఇల్లు కురుస్తుందని నా ఇనుప బీరువాలో పెట్టడానికి తెచ్చాడు.

"దీనికి తడి తగులొద్దు వదినె. తగిల్తె అద్దంల బూజు పడ్తది."

"తొక్కుకు పడ్డట్టా?"

"అచ్చం గట్లనే."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా! ఇగ నువ్వు పో, నేను సూసుకుంట."

మామిడికాయ తొక్కు జాడీని ఎట్లా కాపాడాలో నాకు ఒకరు చెప్పాలా? తడి చేత్తో ముట్టలేదు. పైన ఎండలో ఆరేసిన పాత చీర ముక్క కప్పాను. ముసురు పట్టిన రోజు బీరువా తెరవనే లేదు. మందుల కంపెనీలో పనిచేసే వాడి స్నేహితుడు మాత్రల డబ్బాల్లో తేమ పీల్చడానికి వేసే గోలీల పొట్లాలు తెచ్చిస్తే, అవి చుట్టూ పేర్చాను. పిల్లలు మింగుతారేమోనని తాళంచెవి నడుముకు దోపుకున్నాను. అన్నం గంజి వంచేటప్పుడు ఆవిరి అటు పోతుందేమోనని ఆ గది తలుపు మూసేదాన్ని. వాడు నవ్వితే నవ్వాడు గాని, నా బీరువాలో ఉన్నన్నాళ్లు ఆ అద్దానికి బూజు పట్టలేదు. ఎవరైనా కాదంటారా?

ఒక పొద్దున కెమెరా తీసుకోవడానికి వచ్చి, బీరువా పైన గోడకున్న మా ఆయన ఫోటో ముందు ఆగిపోయాడు.

"వదినె, అన్న కండ్లు గిప్పుడు కంప్యూటర్ల సక్కగ చేస్త."

"ఎవల కండ్లు సూసి చేస్తవ్?"

ఫ్రేము అద్దం మీది దుమ్ము చేత్తో తుడిచాడు. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పాడు. "అప్పుడు ఎంత యాది చేసుకున్నా అన్న కండ్లు యాదికి రాలే వదినె. సచ్చిన మొహమే కనవడ్డది. ఇగ దుకాణంల అద్దం ముంగట కూసోని, నా కండ్లు సూసుకుంట గీసిన."

ఫోటో వైపు తలెత్తి చూశాను. ఏండ్ల తరబడి నన్ను చూస్తున్న పరాయివాడు ఎవరో అప్పుడు తెలిసింది.

"నీయి మాత్రం గీయ" అన్నాడు. "బతికుండంగనే తీస్త. ఎంత ఉంటె అంత."

"నాకు ఫ్రేము కడ్తవా? ముందుగాల నువ్వే నిలవడు!"

వాన వెలిసి ఎండ వచ్చిన పొద్దు అది. కెమెరాను వాకిట్లో మూడు కాళ్ల మీద నిలబెట్టి, ఏది నొక్కాలో నా వేలు పట్టి చూపించి, తులసి గద్దె పక్కన నిలబడ్డాడు. నా చెయ్యి చీర కొంగుకు తుడిచి తుడిచి, పగులుతుందేమోనన్న భయంతోనే వేలు పెట్టాను. అయినా నోరు ఊరుకుంటుందా?

"కండ్లు మూయకురా. మూస్తె నేను గీయాలె. నాకు బొమ్మలు రావు."

అంతే. పెదవులు బిగిశాయి, కండ్లు మూసుకున్నాయి, భుజాలు లేచాయి. నేను నొక్కాను.

తర్వాత నన్నూ తీశాడు. పెద్ద కాగితం మీద వేయించి తెస్తే చూసి గొడవకు దిగాను. "గిన్ని ముడతలెక్కడియిరా? సగం నువ్వే గీసినవ్!"

"గీసింది ఒక్కటి లేదు వదినె" అన్నాడు.

నా ఫోటో సిద్ధంగానే ఉంది. తీసినవాడే ముందు పోయాడు.

ఇప్పుడు అందరూ మంచి ఫోటో అంటున్నది నేను నొక్కినదాన్నే. నిజంగానే ఒక్క వెంట్రుక పోలేదు. గడ్డం గీసుకునేటప్పుడు కోసుకున్న గాటు ఉంది, చొక్కా కాలర్ మీద పొద్దున నా ఇంట్లో తిన్న తొక్కు మరక ఉంది. కండ్లు మాత్రం మూసుకుని ఉన్నాయి, నోరూ మూసుకునే ఉంది. వాడి కొడుకు దాన్ని సంగారెడ్డి తీసుకుపోయి, వాడిదే ఒక పాత ఫోటోలోని కండ్లు తెచ్చి ఇందులో అతికించమని చెప్పి వచ్చాడు.

నేను వాళ్లింటికి పోయి కూర్చున్నాను. వాడి భార్య, నా యారాలు, ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి, నెమ్మదిగానే చెప్పింది. "కండ్లు మూసుకున్న ఫోటోకు దండ వేస్తె, శవానికి తీసిన ఫోటో అంటరక్కా."

"వాడు నవ్వుతుండే!"

"నవ్వెక్కడున్నది పెద్దమ్మా?" అన్నాడు కొడుకు. "జూమ్ చేసి చేసి సూసిన. ఒక్క పన్ను కనవడ్తలేదు."

"మీ నాయిన నవ్వు పండ్లల్ల ఎన్నడుండెరా? భుజాలు సూడు, చెవుల దాక ఎట్ల లేసినయో! గా నవ్వుల కండ్లు తెరిస్తె మనిషి నవ్వుడు బంద్ చేస్తడు. చలి పెట్టి ముడుసుకున్నోని లెక్క నిలవడ్తడు."

పిల్లవాడి జబ్బ పట్టుకుని నా ఇంటికి లాక్కొచ్చాను. మా ఆయన ఫోటో ముందు నిలబెట్టాను. కాగితం ఎప్పుడో వెలిసిపోయింది. చెంపలు, మీసం, చెవులు గోధుమరంగు మరకలా కలిసిపోయాయి. సిరాతో గీసినవి కదా, కండ్లు మాత్రం నిన్న పెట్టినట్టు నల్లగా ఉన్నాయి.

"కండ్లు కావాల్నా నీకు? ఇగో. తెరుసుకునే ఉన్నయ్, నువ్వు పుట్టకముందు నుంచి."

పిల్లవాడు దగ్గరికి పోయి చూశాడు. పక్కకు జరిగి చూశాడు. "ఇవి మా నాయినయి" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మనవరాలితో ఫోన్ చేయిస్తే మోగుతోంది గాని ఎత్తడం లేదు. సంగారెడ్డికే పోయాడో, పోయి వద్దన్నాడో, కానియ్యమన్నాడో నాకు తెలియదు. ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికి ముందు పేజీలో ఏ ఫోటో ఉంటుందో కూడా తెలియదు. కండ్లు మూసుకుని ఉంటే భయపడకండి, ఏడవకండి. భుజాలు చూడండి. ఆ పొద్దు వాడు ఊపిరి ఆపలేదు.

కెమెరా వాడి కొడుకు దగ్గరికి పోయింది. గోలీల పొట్లాలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవి ఎందుకో నడుముకే ఉంది. సాయంత్రం కంపెనీ సైరన్ కూసే వేళకు ఎండ కిటికీలోంచి వచ్చి, గోడ మీది ఫ్రేము అద్దం మీద ఏటవాలుగా పడుతుంది. వెలిసిన మొహం ఆ వెలుగులో పూర్తిగా మాయమైపోతుంది. అద్దం వెనుక రెండు కండ్లు మాత్రం మిగిలి, రెప్ప వేయకుండా నన్ను చూస్తాయి.