దేవసహాయం విన్న ఒక్క గొంతు

శ్రీరస్తు. వాక్కును ప్రసాదించిన తల్లికి, వాక్కుకు అందని తండ్రికి నమస్కరించి, ఆశ్వయుజ శుద్ధ తదియ నాడు నూజివీడులో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను దయ్యాలను నమ్మను. శాస్త్రాలు చదివినవాడు ఈ మాట అంటే కొందరు నవ్వుతారు గాని, నాకు ఆ అపనమ్మకాన్ని ఇచ్చింది నా ఉద్యోగమే. తెలుగు, సంస్కృతం చదువుకున్న తరువాత సైన్యంలో ధర్మగురువుగా చేరాను. పటాలంలో పూజలు చేయించడం, పండుగలు జరిపించడం, జవాను మరణిస్తే అంత్యక్రియలు నడిపించడం మా విధి. అక్కడ అందరికీ నేను పండిట్‌జీని. ఎన్నో చితుల ముందు నిలబడి మంత్రం చెప్పాను. వెళ్ళినవారిలో ఒక్కరూ తిరిగి వచ్చి నన్ను పలకరించలేదు.

పదవీ విరమణ చేసి నూజివీడు వచ్చిన తరువాత మాజీ సైనికుల పెన్షను వ్యవహారాలు చూడడం అలవాటయింది. ఎవరూ నియమించిన పని కాదు. మా వీధిలో ఒక సుబేదారుగారు పోతే ఆయన భార్యకు కుటుంబ పెన్షను అర్జీ రాసి ఇచ్చాను. ఆ సంగతి తెలిసి బాపులపాడు నుంచి ఒకరు వచ్చారు, జి. కొండూరు నుంచి మరొకరు వచ్చారు. అప్పటినుంచి మా అరుగు ఖాళీగా ఉన్నది లేదు.

ఇది మనిషిని అలసటలో ముంచే పని. ఒకరికి పేరులో అక్షరం తప్పు, ఇంకొకరికి భార్య పేరే తప్పు. పై కార్యాలయం కింది కార్యాలయాన్ని అడగమంటుంది. కింది కార్యాలయం పైకి రాశాం, జవాబు రాలేదంటుంది. ఉత్తర్వు వచ్చేలోగా మనిషి పోతాడు. అప్పుడు అతని భార్య తరఫున మళ్ళీ మొదటినుంచి అర్జీ మొదలు. కొన్నాళ్ళుగా, ఇక చాలు, ఈ సంవత్సరంతో మానేస్తాను అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

దేవసహాయం కథ ఆ అలసటలోనే వచ్చింది.

అతను ఫిరంగి దళంలో పనిచేసినవాడు. ఒకనాడు శిక్షణలో గుండు గొట్టంలోనే పేలింది. జట్టుకు నాయకుడైన హవల్దారు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. దేవసహాయానికి రెండు చెవులూ పోయాయి. వైకల్య పెన్షను మాత్రం రాలేదు. ఆసుపత్రిలో ఉండగా ఒకసారి ఎవరో పిలిచినట్టు చటుక్కున లేచి నిలబడ్డాడనీ, కనుక అతనికి వినికిడి ఉన్నదనీ, చెవుడులో కొంత నటన ఉన్నదనీ అప్పటి వైద్యులు నిర్ణయించారు. ఆ ఒక్క మాట అతని జీవితమంతా వెంటాడింది.

ఇన్నేళ్ళ అర్జీల ఫలితంగా ఈ వేసవిలో మరొకసారి మెడికల్ బోర్డు పరీక్షకు అనుమతి వచ్చింది. ఇదే ఆఖరి అవకాశమని స్పష్టంగా చెప్పారు. అతనికి ఇది తప్పితే మరో ఆధారం లేదు. ఆగిరిపల్లి దారిలో ఒక మామిడితోటకు కాపలాదారు. భార్య సువార్తమ్మతో ఆ తోటలోని పాకలోనే కాపురం. ఈ కాపు దిగగానే చెట్లన్నీ కొట్టించి పామాయిల్ వేస్తానని తోట యజమాని ముందే చెప్పేశాడు. చెట్లతోపాటు పాక కూడా పోతుంది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం అతని వాంగ్మూలం రాసుకోవడానికి తోటకు వెళ్ళాను. రసాలు కోతకు వచ్చాయి. చెవిటివాడు తోట ఎలా కాస్తాడో అప్పుడు చూశాను. కంచె పొడవునా నైలాను తాడు లాగి, దాని కొస కాలి బొటనవేలికి కట్టుకున్నాడు. కంచె కదిలితే వేలు లాగుతుంది. మాట్లాడవలసి వస్తే సువార్తమ్మ బడిపిల్లల పలక తెచ్చి ఇస్తుంది. మనం రాసింది చదివి అతను నోటితో జవాబు చెబుతాడు.

నేను మంచం మీద కూర్చుని రాసుకుంటున్నాను. అతను నాకు వీపు పెట్టి, కాయలు కోసే చిక్కానికి వల అల్లుతున్నాడు. సువార్తమ్మ రాలిన కాయలు ఏరి తట్టలో వేస్తున్నది. ఉన్నట్టుండి అతను వల కింద పెట్టి లేచాడు. మడమలు రెండూ చేర్చి, చేతులు తొడలకు ఆనించి, "జీ, ఉస్తాద్" అన్నాడు. కాసేపు అలాగే నిలబడి, తలూపి, తిరిగి కూర్చుని వల అందుకున్నాడు.

ఆనాటి వైద్యులు రాసింది నిజమేనన్నమాట, ఇన్నేళ్ళూ ఒక నటుడి కోసం అర్జీలు రాశానా అనుకున్నాను. పక్కనున్న ఇత్తడి చెంబు తీసి అతని వెనుక బండ మీద పడవేశాను. తోటలో కాకులు లేచాయి. అతను కదలలేదు.

సువార్తమ్మ నవ్వింది. "మీరు కూడానా పంతులుగారూ? మా పెళ్ళైన కొత్తలో మా తమ్ముడు ఈయన వెనకమాల లక్ష్మీ బాంబు పేల్చాడండి. ఈయన అన్నం కలుపుకుంటానే ఉన్నాడు."

మరి ఇప్పుడు ఎవరికి పలికాడమ్మా అని అడిగాను.

"ఆయన ఉస్తాదుకండి. ఆ పేలుట్లో పోయినాయన." పటాలంలో పని నేర్పే హవల్దారును జవాన్లు ఉస్తాదు అంటారు. పక్కతోట మనిషి గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆమె చెప్పినదాన్నిబట్టి, ఆ ఒక్క గొంతు అతనికి మొదటినుంచీ వినబడుతూనే ఉంది. కబుర్లు ఉండవు. లే, ఆగు, అటు తిరుగు అనే ఆజ్ఞలు మాత్రమే. పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు గాని ఆ గొంతు పోలేదు. చెడు చెప్పనప్పుడు ఎందుకు పోవాలని ఆమె కూడా ఊరుకుంది. ఒక గాలివాన మరునాటి ఉదయం అతను నీళ్ళ బకెట్టుతో తోటలోకి వెళ్ళి ఎంతకీ రాకపోతే చూడబోయింది. చెట్ల మధ్య సావధానంగా, అంటే కవాతులో 'సావధాన్' అన్నప్పుడు బిగుసుకున్నట్టు, నిలబడి ఉన్నాడు. అతని ముందు తడిగడ్డిలో తెగిన కరెంటు తీగ. ఇంకొక అడుగు వేస్తే దాని మీదనే.

"నాకు మాత్రం ఆ ఉస్తాదు ఏ మేలూ చేయలేదండి," అన్నది. "పెళ్ళాం మాట కూడా వినరా అని ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది."

నాకు తెలిసిన సమాధానం ఒకటుంది. చెవి చచ్చిపోయినప్పుడు మెదడు తనకు తానే శబ్దాలు కల్పించుకుంటుందని డాక్టర్లు చెప్పగా విన్నాను. ఇదీ అదే అనుకున్నాను. తీగను కన్ను చూసి ఉంటుంది, మనసు దానికి గొంతు తొడిగి ఉంటుంది. కాని బోర్డు ముందు ఈ మాట పొక్కితే పని చెడుతుంది. అందుకని పలక మీద రాశాను: ఉస్తాదు సంగతి అక్కడ ఎత్తవద్దు.

అతను చదివి, అడిగితే ఏం చెప్పమంటారని అడిగాడు. ఏమీ వినబడదని చెప్పు, అది అబద్ధం కాదు, లోకంలోని శబ్దమేదీ నీకు వినబడడం లేదు కదా అని రాశాను. ఇన్నాళ్ళు ధర్మం బోధించినవాణ్ణి, ఆ మాట రాయడానికి నాకు పెద్ద సంకోచమేమీ కలగలేదు. అంతగా అలసిపోయి ఉన్నాను.

దేవసహాయం పలక నాకు తిరిగి ఇచ్చేశాడు. "ఆయన నా ముందు నిలబడ్డాడు కాబట్టి నేను బతికానండి. వినపడట్లేదని చెప్తే, ఆయన్ని ఎరగనన్నట్టే గదండీ. అడిగితే చెప్తాను."

అడగరులే అని చెప్పి వచ్చేశాను.

జ్యేష్ఠ శుద్ధంలో సైనిక ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం. ఉదయంపూట. పొడవైన వరండా, బల్ల మీద వరుసగా మా వంటి ముసలివాళ్ళు. మేము కూర్చున్నచోటికి వెనుకగా ఒక తలుపు ఉంది. పేర్లు పిలిచే అర్దలీ అందులోంచి వచ్చిపోతున్నాడు. దేవసహాయం ఆ తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. కొంతసేపటికి చటుక్కున లేచి, సావధానంగా నిలబడి, "జీ, ఉస్తాద్" అన్నాడు. నేను వెనక్కి తిరిగేసరికి అర్దలీ గడపలో నిలబడి, నోరు తెరవబోయి ఆగిపోయినవాడిలా చూస్తున్నాడు.

అతను తెలుగువాడే. "నేనింకా పిలవనే లేదు. చెవుడుకి తోడు జోస్యం కూడా వచ్చా తాతా?" అన్నాడు. బల్ల మీదివాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తరువాత పిలవవలసిన పేరు దేవసహాయానిదే. అర్దలీ లోపలికి వెళ్ళి ఈ మాట కూడా చెప్పాడు.

లోపల పరీక్షించే డాక్టరు ఒక మేజరు, నడివయసు స్త్రీ. హిందీలో మాట్లాడారు. అతను పిలుపుకు లేచాడట, నిజమా అని నన్నే అడిగారు. పిలవకముందే లేచాడని చెప్పాను. ఆమె నా వంక ఒకసారి చూసి, అతన్ని అతని భాషలోనే అడగమన్నారు: నీకు ఏ శబ్దమైనా, ఎంత చిన్నదైనా, వినబడుతుందా?

పలక నా చేతిలో ఉంది. ఆ ప్రశ్ననే రాశాను.

అతను చదువుకుని నెమ్మదిగా చెప్పాడు. "ఒక్క గొంతు వినపడుద్దండి."

ఆ వాక్యాన్ని హిందీలో చెప్పవలసినవాణ్ణి నేనే. తోట, పాక, సువార్తమ్మ ఏరుతున్న కాయలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరి గొంతో కూడా చెప్పాను. డాక్టరు రాస్తున్న కలం ఆపారు. కోపగించుకోలేదు, నవ్వలేదు. ఇక మాటలతో పనిలేదు, యంత్రమే చెబుతుందన్నారు.

ఆ పరీక్షలో తలకూ చెవుల వెనుకా తీగలు అంటించి, చెవిలోకి టకటకమనే శబ్దం పంపుతారు. మెదడు అందుకుంటే తెర మీద గీత అలగా లేస్తుంది. రోగి ఏం చెప్పాడన్నదానితో నిమిత్తం లేదు. దేవసహాయాన్ని లోపలి గదిలో పడుకోబెట్టారు. అద్దానికి ఇవతల డాక్టరు పక్కన నన్ను కూర్చోనిచ్చారు.

శబ్దం పెంచుతూ పోయారు. గీత లేవలేదు. రెండో చెవి చూశారు. అదీ అంతే. ఇంకా పెంచితే ఆరోగ్యవంతుడికి చెవి నొప్పి పుడుతుందని చెప్పి, శబ్దం పూర్తిగా ఆపేసి, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

అప్పుడు గీత లేచింది.

ఒకటి కాదు, వరుసగా అలలు. నేను అద్దంలోంచి చూశాను. అతను కళ్ళు మూసుకుని నిశ్చలంగా పడుకుని ఉన్నాడు. అటుపైన మెల్లగా మడమలు చేరాయి, చేతులు పక్కలకు బిగిశాయి, పెదవులు కదిలాయి. పడుకునే సావధానంగా ఉన్నాడు. డాక్టరు యంత్రం మీటలు ఒక్కొక్కటే తడిమి చూసి, అదే శబ్దం వినడానికి తన దగ్గరున్న రెండో గొట్టాన్ని చెవికి ఆనించుకున్నారు. ఏమీ లేదన్నట్టు తల ఊపారు. ఇంతలో అతని ఒళ్ళు ఒక్కసారి వదులయింది. గీత పడుకుంది. ఆ తరువాత మళ్ళీ మళ్ళీ చూశారు గాని అది లేవలేదు.

కండరాలు బిగిసినా గీత లేస్తుందని ఆమె చెప్పారు. తెర వంక మళ్ళీ చూసి, "కాని పండిట్‌జీ, గీత లేచిన తరువాత కదా బిగిశాడు," అన్నారు. నేనూ అదే చూశాను. ఆమె కాగితం దగ్గరికి లాక్కున్నారు. తాను పంపిన ఏ శబ్దానికీ స్పందన లేదు, వినికిడి పూర్తిగా పోయింది అని రాసి సంతకం చేశారు. అడిగింది అదే, రాసింది అదే.

వరండాలోకి వచ్చాక దేవసహాయం బల్ల మీద కూలబడ్డాడు. పరీక్ష నెగ్గామని పలక మీద రాసి చూపించాను. చూశాడు గాని చదివినట్టు లేదు.

"లైన్ తోడ్ అన్నాడండి," అన్నాడు.

సైన్యంలో ఉన్నవారికి వివరించనక్కరలేదు. కవాతు ముగిశాక వరుస విడగొట్టి జవాన్లను పంపివేసే ఆజ్ఞ అది. దానితో ఆనాటికి విధి తీరినట్టే. మళ్ళీ పిలుస్తాడేమోనని రాశాను. లైన్ తోడ్ అన్నాక మళ్ళీ ఎందుకు పిలుస్తాడండీ అని, తిరుగు రైలులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దారిపొడవునా అతని భుజాలు కదులుతూనే ఉన్నాయి.

తోటకు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. సువార్తమ్మ మొదట నా ముఖం చూసింది, పని అయిందని గ్రహించింది. తరువాత అతని ముఖం చూసింది. నేను జరిగింది చెప్పాను. ఆమె అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, పెదవులు కనబడేలాగ ఒక్కొక్క మాటే పలికింది. "పోనీలే. ఇన్నేళ్ళూ ఆయన మాట విన్నావు. ఇక నా మాట చూడు." అతను ఆమె పెదవులనే చూస్తూ ఉండిపోయాడు.

ఆ గదిలో శబ్దం ఆపిన తరువాత గీత ఎందుకు లేచిందో నాకు తెలియదు. యంత్రదోషం కావచ్చు. పిలవకముందే అతను ఎందుకు లేచాడో, అర్దలీ నీడ కనబడి ఉంటుందని సరిపెట్టుకోవచ్చు. రెండూ ఒకేనాడు జరగడం కాకతాళీయం కావచ్చు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఏ ఒక్కటీ మనసుకు ఎక్కలేదు. నేటికీ నేను దయ్యాలను నమ్మను.

ఆషాఢంలో చెట్లు కొట్టేశారు. దంపతులు బాపులపాడులో సువార్తమ్మ తమ్ముడి ఇంటి పంచన చేరారు. భాద్రపద శుద్ధ దశమి నాడు వైకల్య పెన్షను ఉత్తర్వు వచ్చింది. వారిప్పుడు అక్కడే వేరే గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు.

భాద్రపద బహుళ అమావాస్య ఉదయం దేవసహాయం మా ఇంటికి వచ్చాడు. తన ఉస్తాదు హిందువనీ, ఆయన తరఫున ఎవరున్నారో తెలియదనీ, చేయవలసినదేదో చేయమనీ అడిగాడు. పేరు చెప్పాడు. గోత్రం తెలియనివారికి చెప్పవలసిన కాశ్యప గోత్రం చెప్పి, నువ్వులతో నీళ్ళు వదిలాను. అతను అంతసేపూ నా పక్కన సావధానంగా నిలబడ్డాడు. అయిపోయిన తరువాత ఏమైనా వినబడిందా అని పలక మీద రాసి అడిగాను. లేదని చెప్పాడు.