పదకొండు ప్రాణాలకు ఒక మనిషి

నిన్న పొద్దున, ఎదురు అపార్ట్‌మెంట్లో కొత్తగా దిగిన దంపతులు మా గేటు తీసుకుని వచ్చి, ఊరెళ్తున్నామనీ, తమ కుక్కపిల్లను మూడు రోజులు చూసుకోమనీ అడిగారు. కుక్కపిల్ల నా చెప్పంత ఉంది. దాంతోపాటు నా చేతిలో పెట్టిన కాగితాలు మాత్రం నాలుగు. ఎన్నింటికి ఏం తింటుంది, ఏ దిండు మీద పడుకుంటుంది, ఉరుములొస్తే ఏ పాట వినిపించాలి, అన్నీ కంప్యూటర్లో కొట్టించి, వరస నంబర్లు వేసి! నాకు ఒళ్ళు మండింది. కుక్కను చూడ్డానికి ఇంత చదువా అనుకున్నాను. అనుకున్నాక సిగ్గేసింది. తొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి పనికే నేను రాసినవి అరవై రెండు పేజీలు.

అప్పుడు మా పటమట ఇంట్లో మూడు కుక్కలు, ఏడు పిల్లులు, ఒక కుంటి బాతు ఉండేవి. అన్నీ మా ఆవిడ చేరదీసినవే. పేర్లు పెట్టడం నా వంతు. బడి ఐదో తరగతితో ఆగిపోయినా, ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చుతూ, పేర్చిందల్లా చదువుతూ పెద్దవాణ్ణయినవాణ్ణి. చేతికి తగిలిన పెద్ద మాటలన్నీ వీటికి తగిలించాను. పెద్ద కుక్క మార్తాండుడు. పసుపుపచ్చ పిల్లి హిరణ్మయి. నల్లపిల్లి విభావరి. పిలిస్తే ఒక్కటీ పలికేది కాదు. జంతువుకు సాహిత్యాభిరుచి ఎక్కడిదని సరిపెట్టుకునేవాణ్ణి.

ఆ ఏడు మా ఆవిడ గుండెలో కవాటం చెడింది. హైదరాబాదులో సోమవారం ఆపరేషన్. ఈ తేదీ తప్పితే ఇక నేను చెప్పలేనండీ అన్నాడు డాక్టరు. పన్నెండు రోజులు ఇద్దరం అక్కడే ఉండాలి. ఆమె మాత్రం గోడకు మూడు దిళ్ళు ఆనించుకుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ ఒకటే చెప్పింది. "వీటికి మనిషి కుదిరితే చెప్పండి, చీర మార్చుకుంటాను. కుదరకపోతే నన్ను విసిగించకండి."

మనిషి! కృష్ణా జిల్లాలో మనుషులకు కరువా? చల్లపల్లి నుంచి మా బావమరిది పెట్టె సర్దుకుని దిగాడు. మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తుంటే బాతు వెళ్ళి ఆ పెట్టెలో, ఇస్త్రీ చొక్కాల మీద కాపురం పెట్టింది. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. "బావగారూ, అక్కకి కిడ్నీ కావాలన్నా ఇస్తానండీ. ఈ బాతు మాత్రం నా వల్ల కాదు." నీ కిడ్నీ ఎవడడిగాడురా అని బస్సు కదిలేదాకా తిట్టాను. కంకిపాడు దగ్గర కుక్కలను ఉంచుకునే ఒకాయన కుక్కలకు సరేనని, పిల్లుల దగ్గర నసిగి, బాతు మాటెత్తేసరికి, "డక్కుకి మన దగ్గర ప్యాకేజీ లేదు సార్" అన్నాడు. పక్కింటి రిటైర్డు హెడ్మిస్ట్రెస్ గారు, వీటి ఆలనాపాలనా గురించి నేను రాసిన నోటు పుస్తకం పంతొమ్మిదో పేజీ దాకా శ్రద్ధగా చదివి, కళ్ళజోడు తీసి, "ఇది సాయం కాదు అన్నయ్యగారూ, ఉద్యోగం. నేను రిటైరయ్యాను" అని తిరిగిచ్చేశారు. నలభై ఏళ్ళ పరిచయాలు! పెళ్ళిళ్ళకు మా ఇంటి కుర్చీలు మోసుకెళ్ళినవాళ్ళే అందరూ.

శనివారం వచ్చేసింది. ఆమె పాదాలు బూరెల్లా పొంగాయి. ఆ ఉదయం నేను చేసిన పని ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. ఏడు పిల్లులనూ ఒక్కొక్కటిగా బందరు కాలువ అవతల చేపలమ్మే చోట వదిలేద్దామనుకున్నాను. అక్కడైతే బతుకుతాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కుక్కలకు కంకిపాడాయన ఉన్నాడు, బాతు సంగతి తర్వాత చూడొచ్చు. ఆమె అడిగితే పిల్లులు పారిపోయాయనవచ్చు. అన్నింట్లోకీ నెమ్మదైనది కదాని విభావరిని గోనెసంచిలో వేసి, మూతి బిగించి, మందులకని చెప్పి బయల్దేరాను.

కాలువ కట్ట మీద చేపలామె ఎదురైంది. బందరు వైపు నుంచి తొలి బస్సులో సత్తు బేసినుతో దిగి మా వీధుల్లో అమ్ముకునే మనిషి. ఆమెను చూస్తే కుక్కలు వీధి ఏకం చేస్తున్నాయని, మా గేటు ముందుకు రావద్దని అంతకు పదేళ్ళ ముందు నేనే కసిరాను. మళ్ళీ రాలేదు. ముందు గేటుకు.

సంచి మ్యావుమంది. ఆమె ఆగిపోయింది.

"అది మా బొమ్మిడాయి గొంతు కాదూ?" బేసిను దించి, "ఏమే బొమ్మిడాయీ!" అని పిలిచింది. సంచి ఒక్క క్షణం ఊరుకుని, ఆ తర్వాత ఆపకుండా పలికింది. నా జన్మలో విభావరి అన్ని మాటలు మాట్లాడగా వినలేదు.

"మీ పెరటి గుమ్మంలో రోజూ తలకాయలు ఏసేది నేనే కదండీ. అక్కగారూ నేనూ ఈ పదేళ్ళూ ఏం చేశామనుకున్నారు? ఆ పసుపుది జెల్ల, చిన్నది పరిగె, మీ పెద్ద కుక్క కొర్రమీను." సంచి వంక, నా వంక చూసింది. "ఇదేం పని బాబుగారూ? అక్కగారు చూస్తే ఇంక ఆపరేషనక్కర్లేదు. ఇటియ్యండి."

నేను కట్ట మీదే కూర్చుని, మొత్తం చెప్పాను. ఆమె సంచి మూతి విప్పుతూ విన్నది.

"అదా! నన్నడగొచ్చుగా?"

అదే. ఊరంతా తిరిగినవాణ్ణి ఆమెను అడగాలని ఎందుకు తోచలేదో ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

ఆమె పన్నెండు రోజులూ మా పెరటి వరండాలోనే ఉంది. నేనిచ్చిన పుస్తకం పుచ్చుకుని, "వీటిని ఇంకెవరెవరు ఏమని పిలుస్తారో అది చెప్పండి చాలు" అంది. మేం తిరిగొచ్చేసరికి పదకొండూ ఉన్నాయి, కాస్త ఒళ్ళు కూడా చేశాయి. నా అరవై రెండు పేజీల మీద అన్నం గిన్నె మసి గుండ్రంగా అంటుకుని ఉంది.

కవాటం బాగానే పనిచేసి మా ఆవిడ ఆరేళ్ళు బతికింది. చేపలామె కూడా ఇప్పుడు లేదు. గోనెసంచి సంగతి ఆమె అక్కగారికి చివరిదాకా చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కుక్కపిల్లను తీసుకుని కాగితాలు వాళ్ళకే ఇచ్చేసి, "మీ వాచ్‌మన్ దీన్ని ఏమని పిలుస్తాడు?" అని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు. వాళ్ళు వెళ్ళాక పెరటి గుమ్మంలో కూర్చున్నాను. ఆ గోనెసంచి సంగతి మా ఆవిడకు రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని ఆరేళ్ళు గడిపాను. ఇవాళ చెప్పడానికి ధైర్యముంది. తిట్టడానికి మనిషిని లేకుండా చేశాకే కాలం ఆ ధైర్యాన్ని నా చేతికిచ్చింది.